ఉలవకట్టె మీద బస్సు

నాలుగో క్లాసులోనే బడికి దండం పెట్టినవాణ్ణి. శిక్షల గురించి నీకేం తెలుసు అంటే ఒకటే జవాబు. మా చిన్నాయన చచ్చిన చోట నేనున్నాను, జడ్జి లేడు.

పరగోడు దగ్గర మా ఊరి ముందు కొత్తగా తారు పడిన రోజులవి. కళ్ళంలో ఎద్దులకు రాతిగుండు కట్టి తిప్పే చాకిరీ మానేసి, ఊరంతా కోసిన ఉలవచెట్లను, ఉలవకట్టెను, రోడ్డు మీదే పరిచేది. చింతామణి బస్సు తొక్కితే కాయ పగిలి గింజ రాలేది. సర్కారు ఉచితంగా వేయించిన కళ్ళం! కట్టె కనబడితే డ్రైవరు ఇంకా జోరు పెంచేవాడు. నేను తుండుగుడ్డ ఊపి రేగ్గొట్టేవాణ్ణి. "తొక్కప్పా! మా ముసిలెద్దు నీకంటే మేలు!"

చిన్నాయనకు చెవుడు. అది డ్రైవరుకు తెలుసు. తెలిసే, రోడ్డు మీద కట్టె తిరగేస్తున్న ఆయన్ను రాసుకుంటూ పోయి, ఉలిక్కిపడితే పగలబడి నవ్వేవాడు. ఒకరోజు ఎండుకట్టె మీద చక్రం జారి బస్సు ఆయన మీదికే పోయింది. చిన్నాయన మళ్ళీ లేవలేదు.

కోర్టులో డ్రైవరు లాయరు నన్ను నిలదీశాడు.

"పంట పరిచేదానికి రోడ్డు మీ తాతదా?"

"కాదు సామీ. మీ డ్రైవరు తాతదీ కాదు."

అందరూ నవ్వారు. జడ్జీ నవ్వాడు. నవ్వి డ్రైవరుకు ఆరు నెలలు వేశాడు. అంతకుముందే, అదే బోనులో నిలబడ్డ గొర్రె దొంగకు ఏడాది పడింది.

బయట చిన్నమ్మ కూర్చుని ఉంది. "ఎంత ఏసినార్రా?"

"ఆర్నెల్లు."

"గొర్రె ఎత్తుకపోయినోనికి?"

"ఏడాది."

"అయితే మీ చిన్నాయన సగం గొర్రెకు సమమా?"



డ్రైవరుకూ పిల్లలున్నారు, కావాలని చంపాడా అని ఊళ్ళో కొందరు జాలిపడ్డారు. చిన్నాయనకూ ఉన్నారు పిల్లలు. గొర్రె దొంగ ఆకలికి దొంగిలించాడు. చెవిటివాడితో రోజూ ఆడుకున్నవాడికి ఏ ఆకలి? ఆరు నెలలు శిక్ష కాదు, సెలవు.

మరుసటి ఉలవల కాలానికి అతను మళ్ళీ అదే బస్సు మీదికి వచ్చాడు. సిగ్గులేని ఊరు మళ్ళీ రోడ్డు మీద కట్టె పరిచింది. చిన్నమ్మ మాత్రం కళ్ళం అలికి నన్ను పిలిపించింది.

"గుడ్డ ఊపినోనివి నువ్వే గదరా. గుండు నువ్వే తోలు."

"ఎన్నాళ్ళు చిన్నమ్మా?"

"నేను చాలనే దాకా."

పన్నెండేళ్ళు తోలాను. ఆమె చాలనలేదు.