చెయ్యి దిగిన ముక్కలు

పెళ్లయిన ఏడాది ములకలపల్లిలో నేను భయపడింది ఒక్కదానికే. మా అత్తమ్మ రమ్మీ రూల్స్‌కి.

ఆదివారం చర్చి ఆరాధన నుంచి వచ్చి, కోడికూర తిన్నాక, అత్తమ్మ, మామయ్య, మా ఆయన, నేను చాప మీద కూర్చునేవాళ్లం. పందెం చింతగింజలే గానీ రూల్స్ మాత్రం కోర్టును తలదన్నేవి. కూర చేతులు సబ్బుతో కడగాలి. మొగుడూ పెళ్లాలు పక్కపక్కన కూర్చోకూడదు. అన్నిటికన్నా పెద్దది, ముక్కలు చెయ్యి దిగితే ఆ ఆట పోయినట్టే. ఒకసారి పాలు పొంగుతుంటే ముక్కలు చాప మీద పెట్టి వంటింట్లోకి ఉరికాను. తిరిగొచ్చేసరికి అత్తమ్మ తీరిగ్గా, "పాలు మిగిలినయ్ బిడ్డా, ఆట పోయింది" అంది. ఏడుపొక్కటే తక్కువ నాకు.

ఆ డిసెంబరులో నా ప్రాణమంతా పుట్టింట్లో, కల్లూరులో ఉంది. పెళ్లయ్యాక మొదటి క్రిస్మస్ అమ్మ దగ్గర చేసుకోవాలని నా ఆశ. కోడలి మొదటి క్రిస్మస్ అత్తింట్లోనే అని అత్తమ్మ పట్టు. వారం రోజులు ఆమె వెంటపడ్డాను.

"ఏందే నీ గోల! ఈ ఆట గెల్చి పో" అంది చివరికి, ముక్కలు పంచుతూ.

చూసుకుంటే పదమూడు ముక్కల్లో ఏదీ దేనితోనూ కలవదు. ఇక కల్లూరు లేదనుకుంటుండగా వాకిట్లో పాస్టర్ గారి మోపెడ్ ఆగింది. ఆయన దృష్టిలో పేక ముట్టుకోవడమే పాపం. అత్తమ్మ ముక్కలు చాప కిందికి, మామయ్యవి దిండు కిందికి పోయాయి. మా ఆయన తన ముక్కల మీదే కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ పాలు గుర్తొచ్చాయి. ముక్కలు ఎడమ చేతిలో బిగించి కొంగు కప్పుకున్నాను.

టీ ఒంటి చేత్తోనే ఇచ్చాను.

"చేతికి ఏమైందమ్మా?" అన్నారు పాస్టర్ గారు.

"బెణికింది" అన్నాడు మా ఆయన.

పాపం, పాస్టర్ గారు కళ్లు మూసుకుని నా చెయ్యి బాగుపడాలని ఎంతసేపు ప్రార్థన చేశారో! నవ్వు ఆపుకోలేక నేను వణికిపోతుంటే అది భక్తి అనుకున్నారు. ఆమెన్ అనడానికి కూడా నోరు తెరవలేకపోయాను.

మోపెడ్ మలుపు తిరగ్గానే అత్తమ్మ చాప ఎత్తబోయింది. నేను ఎడమ చెయ్యి బయటికి తీశాను.

"అత్తమ్మా, మీ ముగ్గురి ముక్కలూ చెయ్యి దిగినయ్. నావి దిగలే."

"పాస్టర్ గారొచ్చిండ్రు గదనే!"

"నాకు పాలు పొంగినయ్ గద!"

మామయ్య నవ్వీ నవ్వీ దిండు మీద పడిపోయారు. అత్తమ్మ కాసేపు నన్ను గుర్రుగా చూసి, "అవ్, రూలంటే రూలే. పో" అంది. నేను ముక్కలన్నీ గాల్లోకి ఎగరేశాను.

ఆమె వాటిని ఒక్కొక్కటే ఏరుకుంటూ, "మీ అమ్మకు ఆట వచ్చా?" అంది.

"నాకు నేర్పిందే ఆమె."

"గట్లనా? అయితే నేనూ వస్త."

వారమంతా అత్తమ్మను వదిలి పోవాలని చూసిన నాకు, ఆ మాటకు ఎందుకో ప్రాణం లేచొచ్చింది. కల్లూరు ప్రయాణానికి మా ఇంట్లో మొదట సర్దిన సంచి ఆమెదే. అందులో మొదట పెట్టింది పేక.