నడిపాతర జొన్నలు

ఈ పొద్దున నేనొక తప్పు చేశాను. ఎనుమాముల మార్కెట్టు నుంచి తెప్పించి మరిచిపోయిన జొన్నల డబ్బా మూత తీయగానే ముక్కిన వాసన గుప్పుమంది. మా ఇంట్లో పనిచేసే కొమురవ్వతో, "పారబోసుడెందుకు, నువ్వు తీస్కపో" అన్నాను. ఆమె డబ్బాలోకి తొంగిచూసి, "మా ఇంట్ల బర్రె లేదు గద బాపూ" అంది. అయినా సంచిలో పోసుకొని వెళ్లింది. వాసన మాత్రం గదిలోనే ఉండిపోయింది.

ఆ వాసన నాకు నిజాం కాలం నుంచీ తెలుసు. నెక్కొండ దగ్గరి మా ఊరికి షేర్వానీ వేసుకున్న అధికారి ఒకాయన వచ్చి, ఊరంతా కలిస్తేనే గరీబుతనం పోతుందని, ప్రతి ఇల్లూ ఇన్ని జొన్నలు ఉమ్మడి పాతరలో దాస్తే వానకాలం ఎవరూ పస్తుండరని చెప్పి, పటేలు ఇంట్లో కోడికూర తిని వెళ్లాడు. చావడి ముందు ఆ పాతరను కూలివాళ్లు వెట్టికి తవ్వారు. ఎల్లవ్వ అనే కూలిమనిషి గోడలకు పేడ అలికి గడ్డి పరిచింది. మేం పిల్లలం కాల్చిన లేతజొన్నల ఊసబియ్యం నములుతూ ఆ ఖాళీ గోతిలోకి వంగి కేకలేసి, తిరిగొచ్చే మా గొంతులు విని మురిసిపోయాం. కోతకూలిగా దొరికిన తెల్లజొన్నల్లోంచి ఎల్లవ్వ తన వంతు పోసింది. ఊళ్లో కిరాణా కొట్టు సేటైన మా నాయనా పోశాడు.

శ్రావణంలో, కూలి దొరకని ముసురు రోజుల్లో పాతర తెరిచారు. గోడలకు ఆనిన గింజ తేమకు నల్లబడి ముక్కుతుందని, నడిమి గింజ తెల్లగా ఉంటుందని అందరికీ తెలుసు. కలిపి పంచుదామని ఎవరూ అనలేదు. నడిమివి పటేలుకు, పట్వారీకి, మాకు. తవ్వినవాళ్లకు గోడ జొన్నలు.

"నేను పోసినయి తెల్లగ ఉండె పటేలా. ఇయ్యి తింటె పోరగాండ్లకు కడుపునొస్తది" అంది ఎల్లవ్వ, చేట ముందుకు చాపి.

"పాతర్ల పోసినంక గింజ మీద నీ పేరుంటదానే?"

అందరూ నవ్వారు. నాయన పక్కన నిలబడి అందరికంటే పెద్దగా నేను నవ్వాను. ఆ రాత్రి తెల్లరొట్టె మీద నెయ్యి, వెల్లుల్లి కారం వేసుకొని కడుపునిండా తిన్నాను.

మరుసటేడు ఏ కూలి ఇల్లూ గింజ పోయలేదు. మళ్లీ వచ్చిన అధికారి, వీళ్లకు ఐకమత్యం తెలియదని, ఇలాంటివాళ్లు ఎన్నటికీ బాగుపడరని అన్నాడు. ఊరందరి పేరు చెప్పి తవ్వించిన గొయ్యి మా మూడిళ్లనే మేపిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ అధికారి మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డు. పాతరంటే ఏమిటో ఊళ్లో పిల్లలకు తెలియదు. పేదవాళ్లకు గోడ జొన్నలు చాలుననే బుద్ధి మాత్రం ఈ పొద్దున నా నోట్లోంచే వచ్చింది.

మధ్యాహ్నం బజారులో కొత్త జొన్నలు కొని ఆటోలో కొమురవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె అప్పటికే పొద్దుటి జొన్నలు కడిగి, వాకిట్లో చీర మీద ఆరబోసింది.

"తప్పయింది కొమురవ్వా. ఇయ్యి తిననీకి పనికిరావు" అన్నాను.

ఆమె కొత్త సంచి విప్పి, గుప్పెడు గింజలు వాసన చూసింది. "ఇయ్యి మంచియే" అంది, నవ్వకుండా.

నేను వాకిట్లో కూర్చొని, చీర మీది తడిజొన్నలు చేత్తో ఎత్తి, పొద్దుటి ఖాళీ సంచిలో నింపుకున్నాను.