వగైరా అంటే పడని మా పిన్ని

మా పిన్నికి ఈ లోకంలో పడని మాట ఒకే ఒక్కటి: వగైరా. నెత్తిన బల్లి పడితే దులుపుకుని వెళ్ళిపోతుంది. అత్తగారు నిష్ఠూరమాడితే నవ్వి ఊరుకుంటుంది. వగైరా అన్న మాట చెవిన పడితే మాత్రం తను కదలదు, ఎదుటివాళ్ళని కదలనివ్వదు. ఇతరులు, తదితరులు, మొదలైనవారు అన్నవి కూడా దానికి అక్కచెల్లెళ్ళేనని ఆవిడ నమ్మకం. "చీరలు మార్చుకున్నాయి గానీ అన్నీ ఒక్క తల్లి పిల్లలే" అంటుంది.

పెళ్ళైన కొత్తలో ఒకరోజు బాబాయి బూట్లు వేసుకుంటూ "ఆఫీసులో పని వగైరా ఉన్నాయి, రావడం ఆలస్యమవుతుంది" అన్నాడట.

"పని నాకు తెలుసు. ఆ వగైరా ఎవరు?" అంది పిన్ని.

ఆ రోజు బాబాయి వెళ్ళడమే ఆలస్యమైంది. అప్పటినుంచి ఆ మాటని ఆయన గుమ్మం దాటాకే వాడుతున్నాడు.

డాక్టరు "జ్వరం వగైరా ఉన్నాయా అమ్మా?" అని అడిగితే, "జ్వరం లేదు. వగైరా ఏమిటో ఒక్కొక్కటీ చెప్పండి, ఉన్నాయో లేదో చూసుకుంటాను" అంది. పాపం ఆయన మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చేసరికి ఆయనకే నీరసం వచ్చింది. ఎవరిదో శుభలేఖలో "బంధుమిత్రులు, తదితరులు" అని ఉంటే ఫోను చేసి, "మేము బంధువుల్లో ఉన్నామా, తదితరుల్లో ఉన్నామా? దాన్నిబట్టి చీర కట్టుకుంటాను" అంది. పెళ్ళివారు భయపడి మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు.

పిన్ని చాలా ఏళ్ళు కాలేజీ లైబ్రరీ చూసింది. అక్కడ "ఇతర పుస్తకాలు" అని ఒక బీరువా ఉండేది. పిన్ని చేరిన ఏడాదికి అది ఖాళీ అయింది. ప్రతి పుస్తకానికీ ఒక ఇల్లు చూపించింది, చివరికి ఆ బీరువాకి కూడా. దాన్ని పట్టుకెళ్ళి వాచ్‌మన్ గదిలో పెట్టించింది.

ఆ ఉద్యోగం మానేశాక ఇంట్లో తోచక కంప్యూటరు కోర్సు చదివింది. సరిగ్గా అదే సమయంలో నా చదువు పూర్తయింది. పెద్ద అంతర్జాతీయ సహాయ సంస్థ ఒకటి తన సమాచార విభాగంలో ఇంటర్న్‌లని తీసుకుంటోందని తెలిసి నేను దరఖాస్తు పెట్టాను. వరదల్లో ఎవరికి ఏం కావాలో శిబిరాల నుంచి తెలుసుకోవడం, వాటిని పట్టికలుగా, పటాలుగా మార్చడం, సాయం చేసేవాళ్ళ ముందు పెట్టడం: అదీ పని. పిన్ని ప్రకటన చదివింది. "ఇందులో వయసు సంగతి ఎక్కడా లేదేమే" అని తనూ పెట్టేసింది.

ఇంటర్వ్యూలో "ఐదేళ్ళ తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" అని అడిగారట.

"మనవల దగ్గర. వాళ్ళింకా పుట్టలేదు కాబట్టి ఈలోగా మీ దగ్గర."

నాకంటే ముందు పిన్నికే ఉత్తరం వచ్చింది.

మొదటి రోజు గేటు దగ్గర కాపలా మనిషి నన్ను ఆపి కార్డు అడిగాడు. పిన్నికి సెల్యూట్ కొట్టాడు. పైన మేడ మీద ఎవరో పరుగెత్తుకొచ్చి ఆవిడని సరాసరి డైరెక్టరు గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించారు. డైరెక్టరు వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుని, "ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు మొదలుపెడతారు మేడమ్?" అని వినయంగా అడిగారు.

"నేను ఇంటర్న్‌నండి. టీ మాత్రం చాలా బాగుంది."

మా విభాగానికి పెద్ద ఒక ముప్ఫై అయిదేళ్ళ ఆఫీసరు. మంచివాడు, హడావిడి మనిషి. ఏ సంగతి చెప్పినా గాలిలో వేలితో గుండ్రంగా గీసి ముక్కలు కోస్తాడు. అందుకని ఆయన్ని అందరూ పైచార్టు అనేవాళ్ళు. అది ఆయనకీ తెలుసు, కాస్త గర్వం కూడా.

మేం చేరిన నెలలోనే నదికి కట్ట తెగింది. ఊళ్ళకి ఊళ్ళు బడుల్లోకీ గోదాముల్లోకీ చేరాయి. ప్రతి శిబిరంలోనూ వాలంటీర్లు మనిషి మనిషినీ అడిగి, కావలసినవి ఫోనులో నింపి పంపేవారు. అవన్నీ మా గదిలో పడేవి. వాటిని శుభ్రం చేసి, కూడి, వారానికొకసారి సంస్థలన్నీ కలిసే సమావేశానికి పంపాలి. అక్కడ మా కాగితంలో ఉన్నదానికి సాయం వస్తుంది. లేనిది లేనట్టే.

మొదటి వారం పైచార్టు గారు తయారుచేసిన బొమ్మ తెరమీద వెలిగింది. నీళ్ళు, దుప్పట్లు, టార్పాలిన్లు, మందులు. ఆ పక్కన బూడిదరంగు ముక్క ఒకటి. దానిమీద "ఇతరములు" అని ఉంది.

నేను కళ్ళు మూసుకున్నాను.

"నాయనా, ఆ బూడిదరంగులో ఎవరున్నారు?" అంది పిన్ని.

"చిల్లరమల్లర కోరికలు మేడమ్. ఒకళ్ళో ఇద్దరో అడిగినవి. ప్రపంచమంతటా ఇదే పద్ధతి."

"ప్రపంచమంతటా దోమలు కూడా ఉన్నాయి. అలాగని వదిలేస్తామా?"

ఆయన గాలిలో ఒక సున్నా గీశాడు, ఏం కొయ్యాలో తోచక చెయ్యి దించేశాడు. "మీకు ఖాళీ ఉన్నప్పుడు చూసుకోండి మేడమ్" అన్నాడు. ఆ మాట అన్నందుకు మా ఆఫీసు ఫోను బిల్లు ఆ నెల డైరెక్టరు గారి దాకా వెళ్ళింది.

పిన్ని ఒక్కొక్క శిబిరానికీ ఫోను చేసి, వాలంటీరుని పట్టుకుని, అడిగిన మనిషినే పిలిపించి మాట్లాడేది. నేను పక్కన కూర్చుని పటాలు గీసుకుంటూ వినేదాన్ని.

"మీరు తాళంకప్ప అడిగారటండీ. ఉన్నది గుడారంలో కదా, తలుపే లేదు, తాళమెందుకు?"

"తాళం ఉంటే, తలుపు ఎవరో ఒకరు ఇవ్వకపోతారా అని అమ్మా."

పిన్ని ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఆలోచన బాగానే ఉందే" అంది నాతో.

ఒకాయన కోడిపుంజు అడిగాడు. పొద్దున్నే లేపడానికి అలారం ఉంటుంది కదా అంటే, అలారం మీద కోప్పడితే సరదాగా ఉండదన్నాడు. ఒకావిడ తన పక్కన పడుకునే ఆవిడ గురకకి మందు కావాలంది. పిన్ని అందరి మాటా విని, అందరికీ జవాబిచ్చేది. పైచార్టు గారు అటుగా వెళ్తూ తల పట్టుకునేవాడు.

ఒకరోజు పిన్ని "చెప్పులు చేరాయాండీ?" అని ఒక బడిపంతులు గారిని అడిగింది. ఆయన శిబిరం నుంచి "జోళ్ళు" కావాలని వస్తే, మా వాళ్ళు నిరుడు వాడిన పట్టికలో ఆ మాటకి ఎదురుగా చెప్పులని ఉంటే అవే పంపించేశారు.

"చేరాయమ్మా. మెత్తగా ఉన్నాయి. ఎక్కడ విడిచానో తడుముకుని వెతుక్కుని వేసుకుంటున్నాను."

"తడుముకోవడం ఎందుకండీ?"

"నేనడిగింది కళ్ళకి పెట్టుకునే జోడమ్మా."

పిన్ని ఫోను పెట్టేసింది. తర్వాత నా కుర్చీని చక్రాలతో సహా తన బల్ల దగ్గరికి లాక్కుంది. "ఏమే, జోడు అని ఉన్నవన్నీ తియ్యి. అద్దాలు అని ఉన్నవీ తియ్యి."

తీసేకొద్దీ వచ్చాయి. ఒకచోట కళ్ళద్దాలు, ఒకచోట సులోచనాలు, ఒకచోట "చూపు ఆనడం లేదు". ఒక్కొక్క శిబిరంలో ఒకరూ ఇద్దరూ కాబట్టి అన్నీ బూడిదరంగులో కలిసిపోయాయి. పిన్ని అక్కడితో ఆగలేదు. దర్జీ ఒకాయన "సూదిలోకి దారం ఎక్కడం లేదు" అంటే మేం కొత్త సూదులు పంపాం. ఒక ముసలాయన "సీసా మీద రాత కనబడటం లేదు" అంటే మందుల లెక్కలో వేసి ఇంకో సీసా పంపాం. వరద వచ్చినప్పుడు అందరూ పిల్లల్ని, పత్రాల్ని పట్టుకుని పరుగెత్తారు. కళ్ళజోళ్ళు గూట్లోనే ఉండిపోయాయి.

పైచార్టు గారిని పిలిచి చూపించాం. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంటికి ఫోను చేసి భోజనానికి రానన్నాడు. అన్ని పేర్లనీ ఒక్క పేరు కిందకి తెచ్చే పద్ధతి ఆయనే కూర్చుని రాశాడు. నేను దాన్ని పటం మీద పెట్టాను. పక్కనే వైద్యబృందం వాళ్ళ పటం ఉంది: ఒక మందు బదులు ఇంకో మందు వాడి జబ్బుపడిన చోట్లు. రెండు పటాలూ ఒకదాని మీద ఒకటి పెడితే చుక్కలన్నీ దాదాపు ఒకేచోట పడ్డాయి. సీసా మీద రాత కనబడకే మందులు తారుమారయ్యాయన్నమాట.

"మేడమ్, సమావేశంలో మీరే చెప్పాలి" అన్నాడు పైచార్టు గారు.

"నేను ఇంటర్న్‌ని నాయనా."

"అక్కడెవరికీ ఆ సంగతి తెలీదు మేడమ్. మీరు వస్తే లేచి నిలబడతారు."

నిజంగానే నిలబడ్డారు. పిన్ని చెప్పింది చెప్పినట్టు విన్నారు. చివర్న అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "అమ్మా, ముందు అత్యవసరాలు చూడాలి కదా. కళ్ళజోడు అత్యవసరం ఎలా అవుతుంది?" అన్నారు.

పిన్ని ఏమీ అనలేదు. అలాగే నిలబడింది.

"చెప్పండమ్మా."

"చెప్తానండి. తర్వాత చూపించేది పటం. మీరు తుడుచుకోవడం అయ్యాక, పెట్టుకున్నాక చూపిస్తాను."

గదిలో ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చేతిలోని కళ్ళజోడుని ఒకసారి చూసుకుని, అందరికంటే గట్టిగా తనే నవ్వేశారు. పెట్టుకుని పటం చూశారు. కంటి డాక్టర్ల బృందం ఒకటి అక్కడే ఒప్పుకుంది. ఎన్నో ఏళ్ళుగా బూడిదరంగులో కూరుకుపోయిన మాటకి ఆ వారం కాగితంలో సొంత రంగు వచ్చింది. నీలం. పిన్నే ఎంచింది.

తిరిగొచ్చేటప్పుడు పైచార్టు గారు "వగైరా మీద మీకు అంత పగ ఎందుకు మేడమ్?" అని అడిగాడు.

"మేం చాలామంది పిల్లలం నాయనా. ఎవరైనా వచ్చి పిల్లల పేర్లు అడిగితే మా నాన్నకి నాలుగైదు చెప్పేసరికి ఆయాసం వచ్చేది. 'వగైరా' అని ముగించేవారు. నేను ఆఖరిదాన్ని. చాలాకాలం అదే నా పేరనుకున్నాను."

పైచార్టు గారు పగలబడి నవ్వాడు. మా అమ్మ పెద్దది కాబట్టి ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఆవిడ పేరు మొదటే వచ్చేది మరి.

కళ్ళజోళ్ళు పంచే రోజు మేం ముగ్గురం జీపులో ఆ బడిపంతులు గారి శిబిరానికి వెళ్ళాం. పెద్ద గోదాము, ముందు బల్లలు, డాక్టర్లు, చుట్టుపక్కల శిబిరాల నుంచి కూడా వచ్చిన జనం. పిన్ని జీపు దిగి "కాస్త జరగండి బాబూ" అంది. అంతే. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"ఆ గొంతు ఫోనమ్మది కదూ" అన్నారెవరో.

ఇక చూడాలి. చుట్టూ మూగారు. తాళంకప్ప ఆయన వచ్చాడు, కోడిపుంజు ఆయన వచ్చాడు, గురక బాధితురాలు వచ్చింది. పిన్ని వాళ్ళని ఎన్నడూ చూడలేదు, కానీ గొంతు వింటూనే ఎవరెవరో చెప్పేస్తోంది. నేను తెల్లబోయాను. తాళంకప్ప మంజూరు కాలేదని నాకు తెలుసు. ఆయన కోపంగా ఉండాలి. ఈయన నవ్వుతున్నాడు.

"మీకు తాళం రాలేదు కదండీ" అన్నాను.

"రాలేదమ్మా. కానీ ఈవిడ ఫోను చేసి చెప్పింది. ఇవాళ కుదర్లేదు, వచ్చే వారం మళ్ళీ అడుగుతాను అని. ప్రతివారం చెప్తుంది. అడిగింది ఇచ్చేవాళ్ళు ఉంటారు గానీ, ఇవ్వలేకపోయామని చెప్పేవాళ్ళని ఇప్పుడే చూశాను."

మధ్యాహ్నం టీ సమయాల్లో పిన్ని మెట్ల మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతుంటే, బాబాయితో పోట్లాడుతోందని ఆఫీసంతా అనుకునేది. నేను ఆవిడ వైపు చూశాను.

"లేదు అని చెప్పడానికైనా ఒక మనిషి ఉండాలి కదే" అంది పిన్ని, పెద్ద విశేషమేమీ కాదన్నట్టు. పైచార్టు గారు అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన వేలు గాలిలో ఏమీ గీయలేదు.

వరస చివర ఒక బక్కపల్చని ముసలావిడ ఉంది. ఏం కావాలని వాలంటీరు అడిగితే "నాకేం వద్దు" అని పంపేసిన మనిషి. పోయినవి నావి, ఇచ్చేవి మీవి, మీవి నాకెందుకు అందట. పిన్ని రోజూ ఫోను చేసి, వద్దన్నది ఇవాళ కూడా వద్దేనా అని అడిగేదట. కళ్ళజోడు విషయంలో మాత్రం బతిమాలి ఒప్పించింది. డాక్టరు అద్దాలు మార్చి మార్చి చూసి, ఒకటి ముక్కు మీద నిలబెట్టాడు. ముసలావిడ చుట్టూ చూసింది. గోదాము గోడలు చూసింది, నన్ను చూసింది, పిన్ని దగ్గర ఆగింది.

"ఫోనులో సన్నగా ఉన్నావే."

"ఫోను సన్నది పెద్దమ్మగారూ. ఇంకేమైనా కావాలా?"

మామూలుగా అయితే వద్దనాలి. ఆవిడ కాస్త సిగ్గుపడింది. "అద్దం కావాలి. మొహం చూసుకునేది. ఇది పెట్టుకుంటే ఎలా ఉన్నానో ఏమో."

మా పెట్టెల్లో అన్నీ ఉన్నాయి, అద్దం లేదు. పిన్ని అటూ ఇటూ చూసి, ఆవిడ చెయ్యి పట్టుకుని జీపు దగ్గరికి నడిపించింది. డ్రైవరు అప్పటికే ఇంజను వేసి ఉన్నాడు. సంగతి అర్థమై పక్క అద్దాన్ని కిందకి వంచాడు.

ముసలావిడ వంగి చూసుకుంది. జోడు సర్దుకుంది. ముందు ఎడమవైపు, తర్వాత కుడివైపు తిరిగి చూసుకుంది. జారిన వెంట్రుకలు చెవి వెనక్కి తోసుకుని, మళ్ళీ మొదటినుంచి చూసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆవిడ వెనకాల గురక బాధితురాలు వచ్చి నిలబడింది. ఆవిడ వెనక ఇంకొకావిడ. ఆవిడ వెనక దర్జీ, ఆయన వెనక పంతులు గారు, మీసం దువ్వుకుంటూ.

డ్రైవరు వరస పొడవు చూసి ఇంజను ఆపేశాడు. మా పిన్ని కూడా జుట్టు సవరించుకుంటూ వెళ్ళి, ఆ వరసలో ఆఖరున నిలబడింది.