ఇటలీ ఆవిడ పెదవి మూల నీడ

పోర్టులో పనిచేసినంత కాలం ఓడలకు రంగులు వేశానని పెయింటింగ్ క్లాసులో అందరికీ చెప్పుకున్నాను. ఓడలకు కాదు. ఓడల తాళ్లు కట్టే ఇనప దిమ్మలకు, అదీ ఒక్క పసుపు రంగే. రిటైరయ్యాక మా ఆవిడ బొమ్మను ఆయిల్ రంగుల్లో వెయ్యాలని బుద్ధి పుట్టిన మాట మాత్రం నిజం.

ద్వారకా నగర్‌లో నేర్పే టీచరమ్మది నా మనవరాలి ఈడు. కొన్ని వందల ఏళ్ల కిందట ఇటలీలో ఒక మహానుభావుడు వేసిన ఒకావిడ బొమ్మ ప్రింటు చేతిలో పెట్టి, ముందు దీన్ని చూసి దించండి అంకుల్, బతికున్న మనిషి సంగతి తర్వాత అంది. మా ఆవిడ ఆ మాట గట్టిగా పట్టుకుంది.

"ముందు ఆవిడ మూతి తిన్నగా రానీండి. టీచరమ్మ బాగుందన్నాకే నా మొకం జోలికి రండి."

ఆ మూతే రాలేదు. పెదవి మూల నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకూడదట. నేను వేస్తే కిళ్లీ కారినట్టుండేది. తుడిచి, మళ్లీ వేసి, విసుగెత్తి, తడి బొమ్మను మల్కాపురంలో మా ఇంటి వరండాలో ఆరబెట్టి తోడల్లుడి ఊరెళ్లాను. తిరిగొచ్చి చూస్తే ఆ నీడ పొగలా కరిగిపోయి ఉంది.

క్లాసుకు పట్టుకెళ్తే టీచరమ్మ దాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది. తర్వాత చాలా బాగుందని అందర్నీ పిలిచి చూపించింది. ఆ ఇటలీ ఆయన కల్లోకొచ్చి కిటుకు చెప్పాడనేదాకా వెళ్లాను. అక్కణ్నుంచే మా ఆవిడకు ఫోన్ చేసి, సిద్ధంగా ఉండమన్నాను.

"ఎలా వేశారో ఒకసారి చేసి చూపించండి అంకుల్" అని టీచరమ్మ కుంచె అందించింది.

కుంచె తిరిగిచ్చేశాను. చెప్పేశాను. ఆ నీడ నాది కాదు, మా పేట గాలిది. తుడిచీ తుడిచీ ఆ మూల నూనె ఎక్కువ పూశాను. పోర్టు బొగ్గు కుప్పల మీంచి ఎగిరొచ్చిన నల్లధూళి ఆ జిగటకు అంటుకుంది. క్లాసంతా పగలబడి నవ్వింది. టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూనే, మళ్లీ మొదట్నుంచి వెయ్యమంది.

ఇంటికెళ్లేసరికి మా ఆవిడ ఉప్పాడ చీర కట్టి, పూలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. జరిగింది చెప్పాను. నన్ను ఎగాదిగా చూసింది.

"సీర కట్టీసుకున్నాను. ఇంక నాను లేవను. ఎలాగొస్తే అలాగే గీయండి."

గీశాను. కదలొద్దంటే కదిలింది, మాట్లాడొద్దంటే పక్కింటి సంగతులన్నీ చెప్పింది. ముక్కు అచ్చు దిగిపోయింది. అచ్చంటే, ముక్కని తెలుస్తోంది. మా ఆవిడ లేచొచ్చి చూసి, ముక్కుపుడక ఏదని అడిగి, మళ్లీ వెళ్లి కూర్చుంది.