మా అన్నయ్య చెవికి నచ్చిన పిస్టల్

మా అన్నయ్య ఎల్డన్‌కి ఈ భూమ్మీద తయారైన ఏ పిస్టలూ నచ్చదు. నచ్చకపోతే పోనీలే అనుకోవచ్చు, కానీ వాడి బతుకుతెరువే పిస్టళ్ళు! కాబ్ స్ప్రింగ్ అనే మా ఊళ్ళో మా దుకాణం తలుపు మీద "మీ చేతికి తగ్గట్టు పిస్టల్ చేసి ఇవ్వబడును" అని వాడు స్వయంగా రాసుకున్న బోర్డుంది. ఆ బోర్డు చూసి లోపలికొచ్చినవాళ్ళు కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోవడం చూశాను గానీ, పిస్టల్‌తో వెళ్ళడం ఇంతవరకూ చూళ్ళేదు. వేటగాళ్ళ తుపాకులు బాగుచేస్తాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే అన్నాచెల్లెళ్ళిద్దరం ఏనాడో ఊరిమీద పడేవాళ్ళం.

పని పద్ధతి ఇదీ. మీరు ఫ్యాక్టరీలో చేసిన మామూలు పిస్టల్ ఒకటి పట్టుకొస్తారు. మా అన్నయ్య దాన్ని విప్పేసి, కింది ఫ్రేమూ పైన జారే స్లయిడూ ఉంచుకుని, మిగతా ముక్కలన్నీ ఆకురాయితో రాసి రాసి మీ చేతికి అమరేలా కొత్తగా చేసిస్తాడు. అంచేత మొదట తెచ్చే పిస్టల్ మంచిదై ఉండాలి. దాన్ని బేస్ అంటాం. బేస్ వంకరైతే పైన ఎంత పని చేసినా దండగ. ఇంతవరకూ న్యాయంగానే ఉందిగా? తంటా అంతా ఆ బేస్ ఎంచడంలోనే.

ముందు తూటాలు తీసి, లోపల ఖాళీ అని చూపించాలి. అది తుపాకుల పనిలో మర్యాద. ఆ తరవాత నేను ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి. గోడ గడియారం ఆపాలి. వచ్చినవాళ్ళ కుక్కల్ని బయట కట్టెయ్యాలి. అప్పుడు మా వాడు పిస్టల్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సంతలో పుచ్చకాయ బేరమాడే ముసలమ్మలా మొహం పెట్టి మెల్లిగా ఊపుతాడు. స్లయిడు కదిలే చప్పుడు వింటాడన్నమాట. విని, కళ్ళు తెరిచి, ఎప్పుడూ ఒకే మాట అంటాడు.

"వద్దు. వేరేది పట్రా."

వాడికి పెళ్ళి కాకపోవడానికీ ఇదే కారణమని ఊళ్ళో అంటారు. పిల్లని కూడా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాడని ఆడపిల్లల తండ్రుల భయమట.

అందరికన్నా ఎక్కువ అవస్థ పడ్డవాడు రేబర్న్ స్టోక్స్. పశువుల వేలం పాడుతాడు. అన్నం తింటూ కూడా వేలం పాటే.

"ఎల్డన్, ఇదిగో, కొత్తది, మెరుపు చూడు, పట్టు చూడు, ఎవరైనా కాదంటారా, అనరు, నువ్వంటావా, అనవు, అనలేవు, అదిగో తల ఊపావ్..."

"రేబర్న్, నోరు."

రేబర్న్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నేను ప్లగ్గు పీకాను. అన్నయ్య ఊపాడు.

"వద్దు. ఇది కంగారు మనిషి."

"పిస్టల్ మనిషేమిటయ్యా!"

"స్లయిడు అటూ ఇటూ కొట్టుకుంటోంది. కంగారు కాక మరేమిటి? వేరేది పట్రా."

ఇంకొకటి తెచ్చాడు. దానికి ఒళ్ళు బద్ధకమన్నాడు. మరొకటి తెస్తే, దాని మనసు ఇంకెక్కడో ఉందన్నాడు. చివరికి రేబర్న్ వాళ్ళ తాత యుద్ధం నుంచి తెచ్చుకున్న పిస్టల్ తెచ్చాడు. దాన్ని విని మా అన్నయ్య ఎంతకీ కళ్ళు తెరవకపోతే, నచ్చిందేమోనని నేనూ ముందుకి వంగి చూశాను.

"ఇది బంగారం," అన్నాడు.

"అమ్మయ్య!"

"అందుకే వద్దు. తుప్పు పట్టకుండా అప్పట్లో వేసిన నీలిపూత ఇప్పటికీ చెక్కుచెదర్లేదు. దీని మీద ఆకురాయి పెడితే మీ తాత సమాధిలోంచి లేచొచ్చి నన్ను తంతాడు. ఇంటికి తీసుకుపోయి గుడ్డలో చుట్టి పెట్టుకో. వేరేది పట్రా."

బాగాలేకపోతే వద్దు, బాగుంటే అసలే వద్దు. వీడితో ఎలా వేగాలో మీరే చెప్పండి.

ఇలా ఉండగా ఆ చలికాలం హోలిస్ ఏకర్స్ భార్య ఓపల్ పోయింది. హోలిస్ మా అన్నయ్యకి బడినాటి నేస్తం, కలప మిల్లులో రంపాలకి పదును పెట్టేవాడు. ఓపల్ పోయాక మనిషి మాట మానేశాడు. అది సహజమే అనుకున్నాం. తరవాత తన గేలాలన్నీ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఉంచుకో వెర్నా, నాకింక అక్కర్లేదు," అన్నాడు. పడవ చర్చికి ఇచ్చేశాడు. బిస్కెట్ అని పేరు పెట్టి ప్రాణంగా పెంచుకున్న కుక్కని రేబర్న్‌కి ఇచ్చేశాడు. మనిషి ఒక్కో వస్తువే వదిలించుకుంటున్నాడు. పైకి అనే ధైర్యం ఎవరికీ లేదుగానీ, ఏదో ఒక పొద్దున హోలిస్ గురించి చెడు కబురు వినాల్సొస్తుందని ఊరందరి భయమూ ఒకటే.

మార్చిలో ఓ మధ్యాహ్నం కోడిపులుసూ, అందులో ఉడికించిన పిండి ముద్దలూ గిన్నెలో పోసుకుని ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. వంటింటి బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన, హోలిస్ పిస్టల్ ఉంది. ఎవరో పెరట్లో పాత సామాను అమ్ముకుంటుంటే ఎప్పుడో కొన్న తుప్పు సరుకది. దాని పాత యజమాని ఎవడో ఏదో బిగించబోయి దానికి వంకరగా చిల్లులు కూడా పొడిచాడు. నేను గిన్నె దింపేలోపే మా అన్నయ్య దాన్ని తీసుకుని, తూటాలు ఊడదీసి జేబులో వేసుకుని, "వెర్నా, ఫ్రిజ్ ప్లగ్గు పీకు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బుద్ధుందా అన్నయ్యా? చావింట్లో కూడానా!"

"పీకమంటే పీకవే!"

పీకాను. ఊపాడు. రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు గలగలమంది. నేను "వద్దు" కోసం చూస్తున్నాను. మా అన్నయ్య మొహం వెలిగిపోయింది.

"ఇదే!"

"ఏది?" అన్నాడు హోలిస్. మేమొచ్చాక ఆయన ఆడిన మొదటి మాట అది.

"ఇన్నేళ్ళుగా నేను వెతుకుతున్న బేస్! నీ వంటింట్లో పడుందా ఇది!"

"దాంతో గోడకి మేకు కూడా కొట్టలేం, ఎల్డన్."

"నీకేం తెలుసు దీని గొప్ప! ఇది తీసుకుపోతున్నా. రేపు పొద్దున్నే దుకాణానికి రా. పిడి నీ చేతికి అమర్చాలి. నీ చెయ్యి లేకుండా అమర్చడానికి నేనేం మంత్రగాణ్ణా? రోజూ రావాలి. మనిషి చెయ్యి ఓ రోజున్నట్టు ఇంకో రోజుండదు."

ఈ సంగతి రేబర్న్‌కి తెలిసి ఉరుక్కుంటూ వచ్చాడు. "నా కొత్తది కంగారు మనిషా? ఆ చిల్లుల బకెట్టు మహారాణా?"

"గుణం, రేబర్న్, గుణం. దానికుంది, నీదానికి లేదు."

రేబర్న్ ఆ బాధతో కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. ఊరికి కాస్త తెరిపి దొరికింది.

హోలిస్ రోజూ రాసాగాడు. అన్నయ్య ఆయన చేతికి ఓ వాల్‌నట్ చెక్క ఇచ్చి పిడి చెక్కమన్నాడు. చెక్కాడు. దాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు మా వాడు. ఒంటి చెక్కముక్క ఏం మోగుతుందండీ? "వద్దు. వేరేది చెక్కు."

మొదట్లో హోలిస్ మాట్లాడకుండా ఇంకో చెక్క తీసుకునేవాడు. పోనుపోను విసుక్కున్నాడు. వేసవి వచ్చేసరికి నేను కాల్చిన మెత్తటి రొట్టెలూ గ్రేవీ రెండోసారి వడ్డించుకుంటూ, "నీ చెవినిండా గులిమి, అందుకే నీకేదీ నచ్చి చావదు!" అని వీధిలోకి వినబడేలా అరుస్తున్నాడు. ఓ రోజు నా దగ్గరకొచ్చి, "వెర్నా, ఆ గేలాలు ఇలా ఇచ్చెయ్, మిల్లులో వెధవలు చేపలు తెగ పడుతున్నారట," అన్నాడు. ఆ తరవాత రేబర్న్ ఇంటికెళ్ళి, వాడు వేలం పాడుతుండగానే బిస్కెట్‌ని ట్రక్కెక్కించుకొచ్చేశాడు.

ఆకులు రాలే కాలంలో ఊరి గురిపోటీలొచ్చాయి. "నా పిస్టల్ నాకు కావాలి," అన్నాడు హోలిస్. సరే, తుడిచి పెడదామని నేను వెతికాను. బారెల్ కాఫీ డబ్బాలో ఉంది. స్లయిడు పిండి బస్తా వెనకుంది. ఫ్రేము ఇనప్పెట్టెలో ఉంది. తుప్పు తుప్పులాగే ఉంది. ఒక్క ముక్క మీద ఆకురాయి ఆనించిన జాడ లేదు!

"ఇన్ని నెలలూ ఏం చేశావన్నయ్యా?" అని మీద పడ్డాను.

మా అన్నయ్య తలెత్తలేదు. "అది ఎప్పుడూ బీరువా మీదుండేది, వెర్నా. ఆ రోజు బల్ల మీదుంది. నిండా తూటాలున్నాయి. ఇచ్చెయ్యమంటే ఇస్తాడా? నచ్చిందంటే ఇస్తాడు. నాకు నచ్చిందని ఎప్పుడూ ఎవరితోనూ అన్లేదుగా, అందుకని నమ్మాడు."

 వాణ్ణి వీపు మీద ఒక్కటిచ్చి, ఆ వీపే పట్టుకుని భోరుమన్నాను.

"ఏమైందిక్కడ?" అంటూ హోలిస్ లోపలికొచ్చాడు, వెనకాలే బిస్కెట్. "నా పిస్టల్ ఏదీ?"

అన్నయ్య ముక్కలన్నీ బిగించాడు. నా వైపు చూశాడు. నేను ముక్కు తుడుచుకుని ప్లగ్గు పీకాను. ఊపాడు. గలగల! కళ్ళు తెరిచి హోలిస్‌ని ఎగాదిగా చూశాడు. ఎండకి కమిలిన మొహం, కాస్త ముందుకొచ్చిన బొజ్జ, ప్యాంటు నిండా కుక్క బొచ్చు.

"వద్దు," అన్నాడు మా అన్నయ్య. "బేస్‌కి పనికిరాదు. వేరేది పట్రా."

హోలిస్ నవ్వాడు. బల్ల పట్టుకుని మరీ నవ్వాడు. "ఆ సంగతి నాకు మార్చిలోనే తెలుసురా!"

"మరి రోజూ ఎందుకొచ్చావ్?"

"ఏం చెయ్యను? పుట్టి బుద్ధెరిగాక నీకో పిస్టల్ నచ్చింది. అంత సంబరపడిపోతుంటే కాదనడానికి నాకు మనసొప్పలేదు."

గలగల సరుకు మళ్ళీ కాఫీ డబ్బాలోకే పోయింది. హోలిస్ దాని ఊసెత్తలేదు. ఇప్పుడు శనివారమైతే చాలు, హోలిస్, రేబర్న్, బిస్కెట్ ఒకే ట్రక్కులో తుపాకుల సంతలన్నీ తిరిగి, ఏదో ఒక పిస్టల్ పట్టుకుని సాయంత్రానికి దిగుతారు. రేబర్న్ నోరు హోలిస్ మూస్తాడు. బిస్కెట్ నోరు రేబర్న్ మూస్తాడు. మా అన్నయ్య కళ్ళు మూసుకుని ఊపుతాడు.

"వద్దు. వేరేది పట్రా."

నేను మూడో కంచం, నాలుగో కంచం పెడతాను. ఫ్రిజ్‌లో పాలు నిలవ ఉంచడం మాత్రం మానేశాను. ప్లగ్గు పీకి, మాటల్లో పడి, ఎవ్వరికీ మళ్ళీ పెట్టడం గుర్తుండట్లేదు.