కిరోసిన్‌లో కడిగిన కీబోర్డు

కంప్యూటర్‌కు పళ్లు పీకి కిరోసిన్‌లో కడిగిన మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడండి, మీ ఎదురుగానే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. చంద్రపూర్‌లో ఈ ఘనకార్యం చేసింది నేనొక్కణ్ణే. దేశం మొత్తంలో కూడా నేనే కావచ్చు!

మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. మరాఠీలో బిల్‌బుక్కులు, హిందీలో పాంప్లెట్లు, తెలుగులో పెళ్లికార్డులు. మా దిక్కు తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. చదివేవాళ్లే తక్కువ. అందుకని రాజురా, కోర్పనా ఊళ్ల నుంచి తెలుగు కార్డు కావాలంటే మా గడప ఎక్కాల్సిందే. నేను పగటిబడికి పోయినవాణ్ణి కాదు. పగలంతా పని, రాత్రి బడిలో నాలుగు అక్షరాలు. మిగతా చదువంతా సీసం అక్షరాలే నేర్పాయి. ప్రెస్సులో కేసు అంటే గళ్లు గళ్లుగా ఉండే చెక్క పళ్లెం. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. ఎక్కువ పని పడే అక్షరం చేతి కిందే ఉంటుంది, ఎప్పుడో అవసరమయ్యేది మూలకు ఉంటుంది. కళ్లు మూసుకుని తీసి పేరుస్తాను.

ఇట్లాంటి ప్రెస్సులోకి మా కోడలు లలిత కంప్యూటర్ తెచ్చింది. నాగపూర్‌లో డీటీపీ కోర్సు చేసిన పిల్ల. మిషన్‌కు ఒక గది, గదికి ఒక పరదా. చెప్పులు బయటే విడవాలి.

"లోపల దేవుడున్నడా ఏంది?" అని అడిగాను.

"దుమ్ము పడొద్దు మామా," అన్నది.

అంతవరకు బాగానే ఉంది. కొన్ని నెలల కింద ఇంకో మాట అన్నది. "మామా, రెండో మిషన్ తెస్తున్న. జాగ లేదు. ఈ కేసులు తీసేద్దాం. శనివారం భంగారోడు వస్తడు, సీసం తూకానికి ఇచ్చేద్దాం."

నా కేసులు! పాత సామాన్ల వాడికి! నాకు నెత్తికెక్కింది. "నీ మిషన్ చేసే పని నాకు రాదనుకుంటున్నవా? దాని మీద కూసొని నేనే ఒక కార్డు కంపోజ్ చేస్త. చేసిన్నంటే కేసులు కదలొద్దు."

"ఎవరి సాయం లేకుంట?"

"ఎవరి సాయం లేకుంట!"

"చేయకపోతే?"

"చేయకపోతే భంగారోని బండిల నేనే ఎక్కిస్త."

మా కొడుకు అచ్చు మిషన్ తొక్కుతూ ఆ పక్కకు తిరిగి నవ్వాడు. వాడు ఎప్పుడూ ఏ పార్టీలోనూ ఉండడు.

శుక్రవారం లలిత భద్రావతిలో వాళ్ల అక్కను చూడడానికి పోయింది. సరిగ్గా అప్పుడే రాజురా అవతలి నుంచి పోచన్న వచ్చాడు. వాళ్ల తమ్ముడి కొడుకు పెళ్లి. కార్డు ఎట్లా ఉంటుందో ప్రూఫు తీసుకుపోయి ఇంట్లో పెద్దాయనకు చూపించాలి. సాయంత్రం బస్సు దాటితే ఆ పెద్దాయన కోపం ఊరంతా వినాల్సిందేనట.

"కూసో పోచన్నా, ఇయ్యాల కంప్యూటర్ల చేసిస్త," అన్నాను.

"నువ్వా కాకా?"

"ఏం, నాకు చేతులు లేవా?"

చెప్పులు విడిచి లోపలికి పోయాను. లలిత మిషన్ ఆన్ చేసే పద్ధతి ముందే నేర్పింది. తెర వెలిగింది. బటన్ల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. శుభలేఖ అని మొదలుపెడదామని చూస్తే, భ దగ్గరే ఆగిపోయాను. షిఫ్ట్ నొక్కి పట్టుకుని బ కొడితే భ రావాలి, లలిత అట్లనే చెప్పింది. కొట్టాను. బ వచ్చింది. గట్టిగా కొట్టాను. గట్టి బ ఏమీ రాలేదు, మామూలు బ నే వచ్చింది. పైగా ఒక్క అక్షరం కోసం బోర్డంతా వెతకాలి. ఏ అక్షరానికి ఎంత పని ఉందో తెలియనివాడెవడో పంచినట్టున్నాడు! మూలకు ఉండాల్సింది నడుమ కూర్చుంది, నడుమ ఉండాల్సింది మూలకు పోయింది.

అప్పుడే చూశాను. ఒక బటన్ కొంచెం కదులుతోంది. సీసం అక్షరాలు పట్టి తీసే చిమ్టా కొసతో లేపితే టక్‌మని ఊడి చేతిలోకి వచ్చింది. అరె! ఇది కూడా టైపే కదా! గడిలోంచి తీసి ఇంకో గడిలో పెట్టుకునేదే కదా! ఇంత చిన్న సంగతికి నాగపూర్ దాకా పోయి కోర్సు చేయాలా?

పోచన్న పరదా లోంచి తొంగి చూశాడు. "కాకా, పీకుతున్నవేంది?"

"సర్దుతున్న. నువ్వు చాయ్ తాగు."

ఒక్కొక్కటీ పీకాను. నా కేసు ఎట్లా ఉందో అట్లా మళ్లీ పెట్టాను. క, ర, న, ల చేతి కిందికి తెచ్చాను. షిఫ్ట్‌ను కూడా నాకు వీలుగా పైవరుస కొసకు మార్చాను. కొంచెం వదులుగా కూర్చుంది గాని కూర్చుంది. నాకెంత సంతోషమయిందో! లలిత వచ్చి చూస్తే కళ్లు తిరగాలి అనుకున్నాను. తిరిగాయి కూడా, తర్వాత చెప్తాను.

క నొక్కాను. తెర మీద ఇంకేదో పడింది. ర నొక్కాను. ఇంకేదో! పెళ్లికొడుకు పేరు కొడితే ఏ భాషలోనూ లేని పేరు వచ్చింది.

"ఎవరు కాకా ఈ పిల్లగాడు?" అన్నాడు పోచన్న.

ప్రెస్సులో అచ్చు తప్పుగా, మురికిగా పడితే మేం ముందు చేసే పని ఒకటే. అక్షరాలకు మసి పట్టిందేమోనని కిరోసిన్‌తో కడుగుతాం. నా చెయ్యి నన్నడగకుండానే డబ్బా వైపు పోయింది. బటన్లన్నీ మళ్లీ ఊడబీకి పళ్లెంలో పోసి, కిరోసిన్ పోసి, బ్రష్షుతో బర్రబర్ర రుద్దాను. మొదట స్టిక్కర్లు పైకి తేలాయి. తర్వాత వాటి కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడా పోయాయి. పళ్లెంలో ఇప్పుడు తెల్లగా, శుభ్రంగా, ఒకే తీరుగా బటన్లు. ఏది క? ఏది ర? ఏది బ?

"మంచిగనే తెల్లగైనయి," అన్నాడు పోచన్న.

సరిగ్గా అప్పుడే బయట లలిత చెప్పులు విడిచిన చప్పుడు. పరదా తీసింది. పళ్లెం చూసింది. పళ్లు లేని బోర్డు చూసింది. అక్కడే కింద కూర్చుంది.

"అయ్యో దేవా! గ్యాసునూనె వాసన ఏంది మామా?"

"నీ మిషన్ మాట వింటలేదు బిడ్డా. నేను క పెట్టిన కాడ క వస్తలేదు."

"మామా, బటన్ మీద ఏం రాసి ఉన్నదో మిషన్‌కు కానరాదు. అది మనం ఏ జాగల ఒత్తినమో గంతే చూస్తది. ఆ జాగకు ఏ అక్షరమో లోపల సాఫ్ట్‌వేర్ల రాసి ఉంటది. మీద ఉన్నది మనకోసం అంటించిన టోపీ."

"గట్లయితే నీ షిఫ్ట్ ఎందుకు పనిచేయలే? అది నేను పీకకముందే చేయలే!" నేను ఓడిపోవడానికి సిద్ధంగా లేను.

"ఎడమదిక్కు షిఫ్ట్ చచ్చిపోయింది మామా. దానిమీద చాయ్ ఒలికింది. ఎవరు ఒలికించిండ్రో అడగకుండ్రి. అందుకే దాని పైనున్న క్యాప్స్‌లాక్‌ను షిఫ్ట్ పని చెయ్యమన్న. దానికో చిన్న ప్రోగ్రాం ఉంటది. మొన్ననే మార్చిన, మీకు చెప్పుడు మరిచిన."

"ఆఁ! అంటే నువ్వు మార్చితే వింటది, నేను మార్చితే వినదా?"

"మీరు టోపీలు మార్చిండ్రు మామా. నేను టోపీ కింది మనిషికి పని మార్చిన."

పోచన్న గడియారం చూసుకున్నాడు. లలిత లేచి, చేతులు తుడుచుకుని, ఆ పళ్లు లేని బోర్డు ముందు కూర్చుంది. బటన్లు పెట్టనేలేదు. ఉత్త పొట్టి మొలకల మీదే వేళ్లు ఆడించింది. తెర మీద శుభలేఖ పడింది. భ కూడా పడింది, ఒత్తుతో సహా! పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి పేరు, ముహూర్తం, విందు. నేను ప్రూఫు చదివి రెండు తప్పులు పట్టాను. ఆ రెండూ పట్టేటప్పుడు మాత్రం గొంతు కొంచెం పెద్దది చేశాను. పోచన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సుకు ఉరికాడు.

గదిలో మేమిద్దరమే మిగిలాం. పందెం ఓడిపోయాను. "రేపు భంగారోన్ని రమ్మను. నేనే ఎక్కిస్త," అన్నాను.

లలిత నా వైపు వింతగా చూసింది. "మామా, ఆ రెండో మిషన్ మీద ఎవరు కూసుంటరనుకున్నరు?"

"ఎవరో నీ కోర్సు పిల్లలు."

"వాళ్లకు తెలుగు చదవస్తదా? నాకే తప్పులు పోతయి. నేను కొట్టుడు, మీరు చదువుడు, మళ్ల నేను దిద్దుడు. ఎన్నేండ్లు గిట్ల? అది మీకోసమే. కేసులు తీస్తేనే మీ కుర్చీ పడుతది."

నేను ఇన్ని రోజులు కొట్లాడింది నా కుర్చీతోనేనా! ఈ మాట మొదలే చెప్పొచ్చు కదా అన్నాను. "మీరు చెప్పనిచ్చిండ్రా?" అన్నది. అదీ నిజమే.

శనివారం కేసులు పోయాయి. ఒక్కటి మాత్రం ఇవ్వనని మొండికేశాను. ఇప్పుడు మా ఆవిడ అందులో గుండీలు, సూదులు, హుక్కులు పెట్టుకుంది. నా సీసం అక్షరాలకంటే అవే క్రమంగా ఉన్నాయి.

రెండో మిషన్ వచ్చింది. దానికి నాకు ఆ పాత బోర్డునే ఇచ్చింది లలిత. తెల్ల బటన్లన్నీ ఎక్కడివక్కడ నొక్కి పెట్టింది గాని కొత్త స్టిక్కర్లు అంటించలేదు. "పైన రాసి ఉంటే మీరు మళ్ల సర్దుతరు," అన్నది. జాగలు చూడకుండా బట్టీపట్టిస్తోంది. తప్పు పడితే తిరిగి చూస్తుంది.

నిన్న బల్లార్పూర్ నుంచి ఒక సేటు కార్డుల కోసం వచ్చాడు. నేను తెరవైపు చూస్తూ టకటక కొడుతున్నాను. ఆయన నా బోర్డు చూసి ఆగిపోయాడు. వంగి మళ్లీ చూశాడు. "అరే వాహ్! ఒక్క అక్షరం లేని బోర్డు మీద కొడుతున్నరు. గింత చేయి తిరిగిన ఉస్తాద్‌ను నాగపూర్ల కూడ చూడలే!"

మెల్లగా తలూపాను. పరదా వెనక లలితకు ఎక్కడలేని దగ్గు వచ్చింది.