ఐసు పెట్టెలో పెళ్ళి కేకు

నాకు ముక్కు మీద కోపం. అది లేకపోతే మా చెల్లి పెళ్ళి కేకు హాయిగా తాడేపల్లిగూడెం బేకరీ నుంచి వచ్చి ఉండేది. నాకిదంతా చెప్పుకునే పనీ ఉండేది కాదు.

మాది కొల్లేటి ఒడ్డున ఊరు. మా నాన్న చేపల ప్యాకింగ్ షెడ్డులో మేస్త్రి. చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి రాగానే తూకం వేయించి, ఐసులో సర్దించి, లారీ ఎక్కించేదాకా ఆయనదే పూచీ. నేనప్పటికి ఏలూరులో గది అద్దెకు తీసుకుని బడిలో పాఠాలు చెబుతున్నాను. చెల్లికి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. అబ్బాయి ఆఫీసులో గుమాస్తా, నెమ్మదస్తుడు. వాళ్ళమ్మగారు నర్సుగా చేసి రిటైరయ్యారు.

పెళ్ళి ఖాయం చేసుకోవడానికి వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు, ఆవిడ గుమ్మం దగ్గర ఆగి పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఒక్క క్షణమే. వెంటనే తీసేసి లోపలికొచ్చి మర్యాదగానే మాట్లాడారు. కాఫీ మాత్రం ముట్టుకోలేదు. పెళ్ళి పనుల మాట వచ్చినప్పుడు, "కేకు సంగతి మీరు పెట్టుకోకండి. మేం గూడెం నుంచి తెచ్చేస్తాం లెండి. ఇక్కడ..." అని ఆగిపోయారు.

ఆ "ఇక్కడ" దగ్గర నాకు ఒళ్ళు మండింది. "అక్కర్లేదండీ. కేకు నేనే చేస్తాను, ఇంట్లోనే" అనేశాను. మా అమ్మ వెనక నుంచి గిల్లింది. ఆవిడ మాత్రం "అలాగేనమ్మా, నీ ఇష్టం" అన్నారు.

వాళ్ళు వెళ్ళాక చెల్లి నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. "నోరు పారేసుకునేది నువ్వు, ఆ ఇంట్లో ఉండాల్సింది నేను" అంది. కోప్పడుతుందనుకుంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వాళ్ళు నన్ను చూసి అలా ముక్కు మూసుకోకుండా ఉంటే చాలక్కా. ఇంకేమీ వద్దు."

దాంతో నాకు పంతం వచ్చింది. గూడెం వాళ్ళు తిని, వేళ్ళు నాకి, పిల్లని నెత్తిన పెట్టుకోవాలి. అలాంటి కేకు చెయ్యాలి.

హాస్టల్లో చదివే రోజుల్లో క్రిస్మస్‌కి వార్డెనమ్మగారు కేకులు చేస్తుంటే గుడ్లు గిలక్కొట్టే పని నాది. నా చదువు అంతవరకే. అయినా ఎక్సర్‌సైజు పుస్తకంలో మూడంతస్తుల కేకు బొమ్మ గీశాను. ఏలూరు బజారంతా తిరిగి ప్లాస్టిక్ స్తంభాలు, పైన నిలబెట్టే పెళ్ళికొడుకు పెళ్ళికూతురు బొమ్మ, వెనీలా ఎసెన్సు, ఐసింగు చక్కెర కొన్నాను. నా గదిలో ఉన్న గుండ్రటి కరెంటు ఓవెన్‌ని చీరలో మూటగట్టుకుని బస్సెక్కి ఊరికి తెచ్చాను. కండక్టరు "అమ్మాయిగారూ, అదేంటండీ, పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నారు?" అని నవ్వాడు.

మే నెల. కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. మొదటిసారి పెట్టిన కేకు సగంలో కరెంటు పోయి నడుమ గుంటపడింది. దాన్ని ఇంటిల్లిపాదీ టీలో ముంచుకుని తిన్నాం. రెండోసారి ఓవెన్‌ని పక్కన పడేసి, పెద్ద డబరాలో ఇసక పోసి, లోపల గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు వేసి కాల్చాం. అడుగు మాడింది కానీ లోపల మెత్తగా, బంగారు రంగులో పొంగింది. అమ్మ చేత్తో తడిమి చూసి "ఇది నిలబడుద్దే" అంది. మూడంతస్తులు రెండయ్యాయి. అదే పదివేలనుకున్నాను.

అసలు చిక్కు ఐసింగుతో వచ్చింది. వెన్న, చక్కెర గిలక్కొట్టి గులాబీలు వేసి చూస్తే, గంట తిరిగేసరికి అన్నీ కారి పళ్ళెంలో మడుగు కట్టాయి. ఊళ్ళో ఫ్రిజ్ ఉన్న ఇల్లు ఒక్కటే. అందులో మా కేకు పట్టదు. పెళ్ళి పొద్దున పదింటికి. ముందురోజు సాయంత్రమే ఐసింగు వేసి అంతసేపు దాచాలి. నేను తల పట్టుకుని కూర్చున్నాను.

అన్నం తింటూ అంతా వింటున్న నాన్న, "ఐసు సంగతి నాకొదిలెయ్యమ్మా" అన్నాడు. "చేప కన్ను మసకబారకుండా కలకత్తా పంపుతున్నాను. నీ కేకుని రెండు వీధులవతల చర్చికి పంపలేనా?"

మర్నాడే షెడ్డు నుంచి రొయ్యలు పంపే పెద్ద థర్మాకోల్ పెట్టె తెచ్చాడు. అంత పెద్దది కొత్తది దొరకలేదట. సబ్బుతో కడిగాడు. చింతపండుతో తోమాడు. నిమ్మచెక్కలతో రుద్దాడు. మూడు రోజులు డాబా మీద ఎండలో పెట్టి, పూటకోసారి ఎక్కి తిరగేసేవాడు. జీవితంలో ఆయన ఇంట్లో ఒక గిన్నె కడగ్గా నేను చూడలేదు. చివరికి మా ముగ్గుర్నీ పిలిచి వాసన చూడమన్నాడు. నేను తల లోపలికి పెట్టి మరీ చూశాను. అమ్మ చూసింది, చెల్లి చూసింది. ఏ వాసనా లేదు. "ఏం లేదు నాన్నా, నిమ్మకాయ వాసనే" అంది చెల్లి.

పెళ్ళి రోజు పొద్దున పెట్టె తెరిస్తే కేకు చెక్కు చెదరలేదు. తెల్లటి గులాబీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. చర్చి ఆవరణలో షామియానా కింద బల్ల మీద పెడితే గూడెం వాళ్ళు కూడా దగ్గరికొచ్చి చూశారు. "ఇంట్లో చేసిందేనా అండీ?" అని ఒకావిడ అడిగితే నేను నేల మీద లేను.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఇద్దరూ కత్తి పట్టుకుని కోశారు. చెల్లి పెళ్ళికొడుకు నోట్లో ముక్క పెట్టింది. అతని దవడ ఒక్కసారి ఆగింది. తర్వాత మింగి, చెల్లిని చూసి నవ్వాడు. తీపి ఎక్కువైందేమో అనుకున్నాను. చెల్లి పళ్ళెంలో ముక్క తీసుకెళ్ళి అత్తగారికి అందించింది. ఆవిడ నోటి దాకా తీసుకెళ్ళారు. పమిట చెంగు ముక్కు మీదికి వెళ్ళింది. పళ్ళెం కుర్చీ కిందికి వెళ్ళింది. పక్కనే కూర్చున్న వాళ్ళ చెల్లెలు గొంతు తగ్గించి, "అక్కా, చేపల వాసన కదా?" అంది. 

చెల్లి అక్కడే నిలబడి ఉంది. తల తిప్పి నా వైపు చూసింది. ఫొటోగ్రాఫరు "ఇటు చూసి నవ్వండమ్మా" అంటున్నాడు. నవ్వింది, పాపం.

నేను షామియానా వెనక్కి పోయి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. వెనీలా, వెన్న, చక్కెర, అంతే. ఇంకో ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చాను. ఏమీ లేదు. అమ్మకి పెట్టాను. "బాగుందే, ఏమైంది?" అంది. ఏం చెప్పను? తప్పేమిటో తెలిస్తే సరిదిద్దుకునేదాన్ని. ఏడ్చేదాన్నైనా. నాకు తెలియనే తెలియదు. ఈ రోజుకీ ఆ వాసన ఎలా ఉందో నాకు తెలియదు.

ఈలోగా నాన్న పళ్ళెం పట్టుకుని గూడెం వాళ్ళ వరసల్లో తిరుగుతున్నాడు. "ఇంకో ముక్క వేసుకోండమ్మా. మా పెద్దమ్మాయి చేసింది. ఐసులో పెట్టింది మాత్రం నేనేనండీ" అని చెప్పుకుంటున్నాడు. వాళ్ళు మర్యాదస్తులు, తీసుకుంటున్నారు. ఆయన అటు తిరగగానే కుర్చీ కింద పెడుతున్నారు. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాలనుకున్నాను. ఆపి ఏమని చెప్పాలి? 

అందరూ వెళ్ళాక కుర్చీలు తీశాం. మా ఊరివాళ్ళు కూర్చున్న వైపు కాగితం పళ్ళేలు నాకినట్టు ఖాళీ. గూడెం వాళ్ళ వైపు ఒక్కో పళ్ళెంలో కొరికి వదిలేసిన ముక్క. నాన్న ఆ పళ్ళేలు చూశాడు.  వంగి ఒక్కొక్కటే ఏరి గోనెసంచిలో వేశాడు.

ఆ ఇంట్లో చెల్లిని ఎవరూ ఒక్క మాట అనలేదు. నిజం చెప్పాలి, బాగానే చూసుకున్నారు. రెండు నెలలకి మొదటిసారి మొగుడితో కలిసి పుట్టింటికొచ్చింది. వానలు పడుతున్నాయి. ఆటో గుమ్మం ముందు ఆగింది. అప్పుడే స్నానం చేసిన నాన్న, వాళ్ళ కాళ్ళకి నీళ్ళివ్వడానికి చెంబు పట్టుకుని ఎదురెళ్ళాడు. చెల్లి నవ్వుతూ దిగి, గుమ్మం దాకా వచ్చి ఆగింది. పమిట చెంగు ముక్కు మీదికి వెళ్ళింది. ఒక్క క్షణమే. అలా చేసినట్టు దానికే తెలియలేదనుకుంటాను. చెంగు వదిలేసి "బాగున్నావా నాన్నా" అంది.

నాన్న చెంబు నా చేతికిచ్చాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇప్పుడే షెడ్డు నుంచి వచ్చానమ్మా. మీరు లోపలికెళ్ళి కూర్చోండి, నేను స్నానం చేసి వస్తాను" అని పెరటి వైపు వెళ్ళిపోయాడు.

ఆయన తల ఇంకా తడిగానే ఉంది.